దరఖాస్తులో ఆమెకు గడి లేదు

అనకాపల్లి పట్టణంలో ఒక జుమా నాడు, నమాజు ముగిసిన తరువాత, మసీదు కమిటీ పెద్ద ఒకరు మమ్మల్ని తమ వీధిలోని ఒక ఇంటికి తీసుకువెళ్ళారు. ముందుగదిలో ఒక కుట్టుమిషను, దాని పక్కన మడతపెట్టి ఉంచిన నల్లని బురఖా గుడ్డల దొంతర, గోడకు సైనిక దుస్తులలో ఉన్న ఒక యువకుని ఫోటో. ఆ ఇంటి సోదరి బురఖాలు, పంజాబీ డ్రెస్సులు, బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. భర్త సైన్యంలో హవల్దారు. ప్రస్తుతం ఆయన ఉన్నది కుటుంబాన్ని వెంట తీసుకుపోవటానికి వీలులేని సరిహద్దు ప్రాంతం. అందుచేత ఆమె ఇద్దరు పిల్లలతో, అత్తగారితో ఇక్కడే ఉన్నది. ఆ మిషను తన మహర్ సొమ్ముతో కొన్నదని కమిటీ పెద్ద దారిలోనే మాకు చెప్పారు.

“భాయ్‌జాన్, దర్జీ పని చేసేవాళ్ళకి పనిముట్ల కోసం ప్రభుత్వం పదిహేను వేలు ఇస్తోందని విని దరఖాస్తు పెడదామని వెళ్ళాను. మీ ఆయన ప్రభుత్వోద్యోగి కదమ్మా, మీకు రాదు అన్నారు. సరే, సైనికుల ఇళ్ళవాళ్ళకి వేరే ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన రిటైరయ్యాక రమ్మన్నారు. ఇప్పటికేమీ లేదా అంటే, వితంతువులకైతే ఉందమ్మా అన్నారు” అని ఆ సోదరి నవ్వుతూనే చెప్పింది. పక్కన కూర్చున్న అత్తగారు మాత్రం నవ్వలేదు. “ఆ మాట నా కోడలి ముందు అనకుండా ఉండవలసింది” అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ ఉద్యోగి చెడు తలంపుతో అన్న మాట కాదది. తన ముందున్న కాగితాలలో ఏమున్నదో అదే చెప్పాడు. ఆ కాగితాలలో ఏమున్నదో తెలుసుకోవటానికి మేము కొంత శ్రమ తీసుకున్నాము. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్నది. అనకాపల్లి జిల్లాలోనే రాంబిల్లి వద్ద నౌకాదళ స్థావరం రూపుదిద్దుకుంటున్నది. ఇటు ఉత్తరాంధ్ర గ్రామాల నుండి, అటు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వంటి పేరుపడ్డ సైనిక గ్రామాల నుండి తరతరాలుగా యువకులు సైన్యంలో చేరుతున్నారు. మన ముస్లిం కుటుంబాల బిడ్డలు కూడా వారిలో ఉన్నారు. కనుక ఈ సోదరి ప్రశ్న ఒక్క ఇంటిది కాదు.

మొదట ఆ పదిహేను వేల సంగతి. అది పి.ఎం. విశ్వకర్మ పథకం. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ఈ పథకంలో 18 చేతివృత్తుల వారికి శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కొరకు 15,000 రూపాయలు, ఆపైన 5 శాతం వడ్డీతో మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం ఉన్నవి. దర్జీలు ఆ 18 వృత్తులలో ఉన్నారు. బొమ్మల తయారీదారులూ ఉన్నారు. అంటే మన జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే ప్రభుత్వ సేవలో ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు ఈ పథకానికి అనర్హులు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. సైనికుడు ప్రభుత్వ సేవలో ఉన్నవాడే గనుక ఆ సోదరికి వచ్చిన జవాబు నిబంధన ప్రకారం సరైనదే.

ఈ నిబంధన పూర్తిగా అన్యాయమని మేము అనము. నెల నెలా జీతం వచ్చే ఇంటికన్నా, రోజు పని దొరికితేనే పొయ్యి వెలిగే ఇంటికి ముందు ఇవ్వటం ధర్మమే. కాని ఊళ్ళో స్థిరంగా ఉండి ఆఫీసుకు వెళ్ళివచ్చే ఉద్యోగి ఇల్లు, సరిహద్దులో ఉన్న సైనికుని ఇల్లు ఒకటి కావు. మొదటి ఇంటి ఇల్లాలు కోరితే అదే ఊళ్ళో ఇరవై ఏళ్ళు ఒక ఉద్యోగమో, ఒక దుకాణమో నిలుపుకోగలదు. రెండవ ఇంటి ఇల్లాలు ఒకసారి భర్త వెంట కంటోన్మెంటు క్వార్టరులో, మరొకసారి అత్తవారింట, ఇంకొకసారి పుట్టింట ఉంటుంది. రెండు మూడేళ్ళకొకమారు ఆమె ఖాతాదారులు మారిపోతారు. భర్త ఉద్యోగం ఆమె సంపాదనను ఇట్లా కుదించుతుంటే, ఆ ఉద్యోగాన్నే కారణంగా చూపి సహాయాన్ని నిరాకరించటం ఎంతవరకు సబబు?

ఇక రెండవ, మూడవ జవాబులు. సైనికుల కొరకు ఏర్పడిన వ్యవస్థ మన దేశంలో చిన్నదేమీ కాదు. కేంద్రంలో కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లా స్థాయిలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నవి. ఉమ్మడి జిల్లా రోజులలో అనకాపల్లివారు ఈ పని మీద విశాఖపట్నం వెళ్ళేవారు. సైనికుల వితంతువులు ఏదైనా వృత్తి శిక్షణ పొందితే కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా ఒకసారి 50,000 రూపాయల సహాయం అందుతుంది. ఢిల్లీలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ మాజీ సైనికులకు, వితంతువులకు, విధి నిర్వహణలో వికలాంగులైన వారికి చమురు సంస్థల పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలలో రక్షణ విభాగం కింద అర్హతా పత్రాలు ఇస్తుంది. బొగ్గు గనుల సంస్థలలో టిప్పర్ల పథకం వితంతువుల కొరకు ఉన్నది.

ఇవన్నీ అవసరమైనవే. వీటిలో ఒక్కటీ తగ్గాలని ఎవరూ కోరరు. కాని వరుసగా చదువుకుంటూ పోతే ఒక విషయం స్పష్టమవుతుంది. భర్త ఉద్యోగంలో ఉన్నంతకాలం సైనికుని భార్య “ప్రభుత్వోద్యోగి కుటుంబం”. ఆయన పదవీ విరమణ చేస్తే సహాయం ఆయన పేరున “మాజీ సైనికుని”కి. ఆయన మరణిస్తే ఆమె “వితంతువు”. స్వయంగా ఒక చిన్న వ్యాపారం నడుపుతున్న, భర్త ఇంకా కొలువులో ఉన్న స్త్రీకి ఏ దరఖాస్తులోనూ గడి లేదు. ఆ అత్తగారు లోపలికి లేచి వెళ్ళిపోవటంలో ఇదంతా ఉన్నది.

ఇక్కడ హజ్రత్ ఉమర్ (ర) కాలం నాటి ఒక ఉదంతం గుర్తుకు వస్తున్నది. ఆయన దీవాన్ అనే పట్టికను ఏర్పరచి, అందులో పేర్లు ఎక్కిన యోధులతో పాటు వారి భార్యాపిల్లలకు కూడా ప్రభుత్వ ఖజానా నుండి భత్యం నిర్ణయించారు. పిల్లలకు భత్యం పాలు మాన్పించిన నాటి నుండి అని నియమం. ఒక రాత్రి మదీనా వెలుపల దిగిన వర్తక బృందానికి కాపలాగా ఆయన తిరుగుతుండగా, ఒక పసిబిడ్డ మాటిమాటికీ ఏడవటం విన్నారు. తల్లిని అడిగితే, పాలు మాన్పించిన బిడ్డలకే ఉమర్ భత్యం ఇస్తారు గనుక తొందరగా మాన్పిస్తున్నానని ఆమె, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, చెప్పింది. తన నియమం ఒక ఇంట్లో ఏం చేస్తున్నదో ఆయనకు అప్పుడు తెలిసింది. పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాటి నుండే భత్యం అని మరునాడు చాటించారని చరిత్రకారులు వ్రాశారు. నియమం పెట్టినప్పుడు ఆయన ఉద్దేశం మంచిదే. నియమం పుట్టిన చోట అది సబబుగానే కనిపించింది. అది తగిలిన చోట నుండి చూసినప్పుడు గాని లోపం బయటపడలేదు.

మన సోదరి విషయానికి వద్దాము. ఆమెకు నిజంగా ఏ దారీ లేదా? ఉన్నది, కాని అది సైనికుని భార్యగా కాదు. స్త్రీగా, అల్పసంఖ్యాక వర్గానికి చెందిన వ్యక్తిగా ఉన్నది. 2008 నుండి నడుస్తున్న ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అందరూ పి.ఎం.ఇ.జి.పి. అని పిలిచేది, ఖాదీ కమిషన్ ఆధ్వర్యంలో జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా కూడా అమలవుతుంది. ఇందులో మహిళలు, మైనారిటీలు, మాజీ సైనికులు అందరూ ఒకే “ప్రత్యేక వర్గం”లో ఉన్నారు. సొంత పెట్టుబడి 5 శాతం చాలు. పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం రాయితీ. ఉదాహరణకు నాలుగు లక్షల రూపాయలతో నాలుగైదు మిషన్ల చిన్న కుట్టుపని కేంద్రం పెట్టదలచుకుంటే, చేతి నుండి 20,000 పెట్టాలి, బ్యాంకు 3,80,000 ఇస్తుంది. అనకాపల్లి పట్టణం 2013లోనే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది గనుక ఇక్కడ పెడితే రాయితీ లక్ష. నాలుగు కిలోమీటర్లు అవతల పంచాయతీ పరిధిలో పెడితే అదే కేంద్రానికి 1,40,000. అద్దె ఎక్కడ తక్కువ అని చూసే ముందు ఈ సరిహద్దు ఎక్కడ అని చూడటం మంచిది. ఆ రాయితీ సొమ్ము వెంటనే చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్టుగా ఉంటుంది. ఆ మేరకు రుణంపై వడ్డీ వేయరు. మూడేళ్ళ తరువాత, యూనిట్ నడుస్తున్నదని చూచి, రుణంలో సర్దుబాటు చేస్తారు.

దీనిలో రెండు షరతులు సైనికుల ఇళ్ళవారు ప్రత్యేకంగా గమనించవలసినవి. ఒకటి, ఇది కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న వ్యాపారాన్ని చూపి మొదటి రుణం అడిగితే ఇవ్వరు. రెండవది మరింత ముఖ్యమైనది. ఒక కుటుంబం నుండి ఒక్కరికే అర్హత. కుటుంబమంటే ఇక్కడ తాను, తన జీవిత భాగస్వామి. అంటే ఈనాడు భార్య తన కుట్టుపనికి ఈ రాయితీ తీసుకుంటే, రేపు పదవీ విరమణ చేసి వచ్చిన భర్త మాజీ సైనికుని హోదాలో డెయిరీయో, వర్క్‌షాపో పెట్టుకోవటానికి మరల తీసుకోజాలడు. ఆయన కొరకు ఆమె ఆగితే ఆమె పదిహేనేళ్ళ పనికాలం గడిచిపోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ సోదరి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయనకి బండ్ల రిపేరు షెడ్డు పెట్టాలని ఎప్పటినుంచో కోరిక” అని మాత్రం అన్నది.

మునగపాక వైపు ఒక పల్లెలో ఇందుకు కొంచెం భిన్నమైన ఇంటిని చూశాము. భర్త నాయక్‌గా పదవీ విరమణ చేసినవాడు. భార్య బెల్లం పొడిని చిన్న ప్యాకెట్లుగా కట్టి, నువ్వుండలు, వేరుశనగ చిక్కీలు చేసి అమ్ముతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, 1913 నుండి ఇక్కడ చెరకు పరిశోధన సాగుతున్నది. అయినా దిమ్మ బెల్లం దిమ్మగానే లారీలెక్కి పోతుంది. దానిని పొడిగానో, తినుబండారంగానో మార్చి లాభం చూసుకునే ఇళ్ళు తక్కువ. ఇట్లా ఇప్పటికే నడుస్తున్న చిన్న ఆహార తయారీ యూనిట్ల కొరకు 2020 జూన్‌లో మరొక కేంద్ర పథకం వచ్చింది. యంత్రాల ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ ఇస్తుంది. పాత యూనిట్‌ను పెంచుకోవటానికి కూడా ఇది పనికివస్తుంది. ఆ ఇంట్లో విచారించగా, పెన్షను కాగితాలన్నీ ఆయన పేరున, పొయ్యి దగ్గరి పనంతా ఆమె పేరున ఉన్నది. వ్యాపారం మాత్రం ఎవరి పేరునా లేదు. ఆయన ఆ మాటకు కొంచెం సిగ్గుపడి, “ఇన్నేళ్ళుగా ఆలోచించలేదండీ” అన్నాడు.

భార్య సంపాదన భార్యదే అన్న విషయంలో మన షరీయత్‌లో సందేహానికి తావు లేదు. దైవప్రవక్త (స) వివాహమాడక ముందే హజ్రత్ ఖదీజా (ర) తన సొమ్ముతో, తన పేరున, సిరియా దాకా వర్తకం నడిపిన వనిత. అప్పు వ్యవహారాలను వ్రాతపూర్వకంగా ఉంచుకోవాలన్న ఆదేశం అల్ బఖరా సూరాలో ఎంత విపులంగా ఉన్నదో చదివినవారందరికీ తెలుసు. అటువంటి మన ఇళ్ళలోనే స్త్రీల వ్యాపారం పేరు లేకుండా, లెక్క లేకుండా, భర్త ఫోనులోని యు.పి.ఐ. ఖాతాకు వచ్చే డబ్బుగా మిగిలిపోతున్నది. సైనికుని ఇంట ఇది మరీ ఇబ్బంది. ఆయన సిగ్నలు లేని చోట ఉన్నప్పుడు గుడ్డ కొట్టుకు డబ్బు పంపాలన్నా ఆమెకు దారి ఉండదు.

ఇప్పుడు మన పాఠకులు ఎదురుచూస్తున్న ప్రశ్న. ఈ రాయితీలన్నీ బ్యాంకు రుణంతో ముడిపడి ఉన్నవి. రుణం లేనిదే రాయితీ లేదు. వడ్డీ లేని రుణం బ్యాంకులో లేదు. వడ్డీ విషయంలో దివ్యఖుర్ఆన్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో ఇక్కడ వేరే చెప్పనక్కరలేదు. రాయితీతో కూడిన ప్రభుత్వ రుణం సంగతి ఎవరి పరిస్థితిని బట్టి వారు విశ్వసనీయులైన ఉలమాను అడిగి తేల్చుకోవలసినది. ఈ శీర్షిక ఫత్వా ఇచ్చే చోటు కాదు. కాని ఒక వాస్తవం మాత్రం చెప్పక తప్పదు. వడ్డీకి భయపడి వెనుదిరిగే సోదరి వడ్డీతో పాటు రాయితీనీ వదులుకుంటున్నది. ఆ లోటు పూడ్చే పని ప్రభుత్వానిదే కాదు, మనది కూడా. దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ 1961లో, హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ 1966లో వడ్డీ లేని అప్పులు ఇవ్వటం మొదలుపెట్టాయి. ఒక పట్టణపు మసీదు కమిటీలు కలిసి, పది మంది దర్జీ సోదరీమణులకు ఒక్కొక్క మిషను చొప్పున ఖర్జె హసనా ఇవ్వలేవా? మమ్మల్ని ఆ ఇంటికి తీసుకువెళ్ళిన పెద్దను ఈ మాటే అడిగాము. “జకాత్ ఇవ్వటం తెలుసు గాని, అప్పు ఇచ్చి తిరిగి వసూలు చేయటం మాకు కష్టమండీ” అన్నారు. నిజాయితీగా చెప్పిన మాట. సైనికుని భార్య జకాత్ తీసుకునే స్థితిలో లేదు, తీసుకోదు కూడా. ఆమెకు కావలసినది తిరిగి ఇచ్చే అప్పే.

రుణంతో సంబంధం లేని మేలు ఏదీ లేదా అంటే, కొన్ని ఉన్నవి. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్ నంబరుతో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. దళారికి ఐదు వందలు, వెయ్యి ఇచ్చి చేయించుకున్నవారిని మేము చూశాము. ఆ డబ్బు అనవసరం. ఆ పత్రం వ్యాపారం ఆమె పేరున ఉన్నదనటానికి రుజువు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం చిన్న పరిశ్రమల నుండి, అందులో 3 శాతం మహిళల యాజమాన్యంలోని వాటి నుండి కొనాలన్న విధానం కూడా ఉన్నది. మహిళల వాటా 2018లో చేర్చారు. ఒక్క మిషను ఉన్న ఇల్లు ఆ కొనుగోళ్ళ దాకా చేరటం సులభం కాదు గాని, నలుగురైదుగురు కలిస్తే ఆ తలుపు తట్టి చూడవచ్చు.

డ్వాక్రా సంగతి వేరే చెప్పాలి. ఆంధ్ర దేశపు స్త్రీలకు చిన్న పెట్టుబడి అలవాటు చేసినది ఈ సంఘాలే. సంఘం నిలిచేది సమావేశాల మీద, క్రమం తప్పని పొదుపు మీద. భర్తకు కుటుంబంతో ఉండగల పోస్టింగు వచ్చి రెండేళ్ళు వెళ్ళిపోయిన సోదరి పేరు సంఘంలో నిలవదు. తిరిగి వచ్చేసరికి ఆమె స్థానంలో మరొకరు ఉంటారు. మరల మొదటి నుండి.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉన్నది. ఆమె వ్యాపారానికి పెట్టుబడి కన్నా ముందు కావలసినది వెంట తీసుకుపోగల హక్కు. ఉద్యమ్ నమోదు దేశమంతటా చెల్లుతుంది, చిరునామా మార్చుకుంటే సరిపోతుంది. కాని జి.ఎస్.టి. నమోదు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఆహార పదార్థాలు తయారు చేసేవారికి ఉండవలసిన నమోదు, ఏడాదికి 100 రూపాయల రుసుముతో అయ్యేదే అయినా, ఆ ఇంటికే కట్టుబడి ఉంటుంది. ఇల్లు మారితే మరల కొత్తది. ప్రభుత్వ క్వార్టరులో వ్యాపారం నడపటానికి సాధారణంగా నిబంధనలు ఒప్పుకోవు. మూడేళ్ళు యూనిట్ నడిపితే గాని రాయితీ ఖాయం కాదన్న షరతు, మూడేళ్ళు ఒక చోట నిలవని ఇంటికి ఎట్లా సరిపోతుంది?

అమెరికాలో ఈ చిక్కును గుర్తించి కొన్ని ఏర్పాట్లు చేశారు. అక్కడి చిన్న వ్యాపారాల సంస్థ సైనికులకు ఇచ్చే వ్యాపార శిక్షణలో వారి జీవిత భాగస్వాములను కూడా కూర్చోబెడుతుంది. సైనికుని బదిలీ వలన భార్య ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళితే ఆమె వృత్తి లైసెన్సు అక్కడ కూడా చెల్లేటట్లు 2023 జనవరిలో చట్టం చేశారు. వ్యాపారాన్ని తరలించే ఖర్చులో 1,000 డాలర్ల వరకు తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. అక్కడి సైనిక విధానాలను మెచ్చుకోవటం మా ఉద్దేశం కాదు. వాటి గురించి మన పాఠకులకు ఏ అభిప్రాయాలున్నవో తెలియనిది కాదు. ఇంటిని గురించి వారు వ్రాసుకున్న ఈ నియమం మాత్రం చూడదగినది.

మన దగ్గర కూడా ఒక మంచి ఆరంభం ఉన్నది. 2023లో సైన్యం ‘నమన్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పెన్షనర్లకు స్పర్శ్ పెన్షను సేవలను, ఇతర ప్రభుత్వ సేవలను అందించే కామన్ సర్వీసు సెంటర్లను మాజీ సైనికుల చేత, లేదా సైనికుల దగ్గరి బంధువుల చేత నడిపించటం దాని పద్ధతి. నడిపేవారిని స్థానిక సైనికాధికారులు, 1966 నుండి పనిచేస్తున్న సైనిక భార్యల సంక్షేమ సంఘం ఎంపిక చేస్తారు. కేంద్రం నిలదొక్కుకునే దాకా మొదటి 12 నెలలు ఒక ప్రైవేటు బ్యాంకు నెలకు 20,000 రూపాయలు ఇస్తుంది. అది రుణం కాదు, గ్రాంటు. తొలి విడతలో తెరచిన 14 కేంద్రాలలో సికింద్రాబాదు, గుంటూరు ఉన్నవి. అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వంటి చోట్ల ఇటువంటివి రావాలని అడిగే హక్కు ఇక్కడి కుటుంబాలకు ఉన్నది.

అగ్నివీరుల ఇళ్ళవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. 2022లో వచ్చిన ఈ విధానంలో నాలుగేళ్ళ తరువాత నాలుగింట ఒక వంతు మించకుండా కొలువులో ఉంచుకుంటారు. మిగిలినవారికి సేవానిధి సొమ్ము వస్తుంది గాని పెన్షను, మాజీ సైనికుని హోదా ఉండవు. కనుక ఆ హోదాను ఆధారం చేసుకున్న పథకాలను నమ్ముకొని కోడలికి ఏదో వ్యాపారం పెట్టిద్దామని అనుకోవద్దు. ఆ సేవానిధి సొమ్మునే పెట్టుబడిగా చూడవలసి ఉంటుంది. అది వడ్డీకి తెచ్చినది కాదు గనుక ఒక విధంగా మేలు కూడా.

కోరవలసినది పెద్దదేమీ కాదు. విశ్వకర్మ పథకంలోని ప్రభుత్వోద్యోగి నిబంధన నుండి సిపాయి మొదలు హవల్దారు వరకు ఉన్నవారి భార్యలను మినహాయించవచ్చు. ఉపాధి కల్పన కార్యక్రమంలో భార్య తీసుకున్న రాయితీ, భర్త మాజీ సైనికునిగా తీసుకోబోయే దానికి అడ్డు కాకుండా చేయవచ్చు. బదిలీ ఉత్తర్వు చూపినవారికి యూనిట్‌ను మరొక ఊరికి తరలించుకొనే అవకాశం ఇవ్వవచ్చు. వీటికి కొత్త ఖజానా అక్కరలేదు, నిబంధనల పుస్తకంలో కొన్ని వాక్యాలు చాలు. ఈ సంగతులు పార్లమెంటు సభ్యుల దృష్టికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దృష్టికి వ్రాతపూర్వకంగా తీసుకుపోవాలని పాఠకులను కోరుతున్నాము. వ్రాసేటప్పుడు భర్త యూనిట్ వివరాలు, అది ఎక్కడ ఉన్నది వంటివి వ్రాయవద్దు. సర్వీసు నంబరు అవసరమైన చోట అధికారికే ఇవ్వాలి. భార్య వ్యాపారం సంగతి భర్త తన యూనిట్‌లో ముందే తెలియజేసి ఉంచటం, ఆ యూనిట్‌కే సరుకు అమ్మే ప్రయత్నం చేయకపోవటం మంచిది.

మేము తిరిగి వచ్చే ముందు ఆ సోదరి ఫోనులోనే ఉద్యమ్ నమోదు పూర్తి చేసింది. వ్యాపారం పేరు ఏమి పెట్టాలన్న దగ్గర కాసేపు ఆగి, కూతురి పేరు పెట్టింది. తెర మీద పత్రం కనిపించగానే లోపలి నుండి అత్తగారిని పిలిచి చూపించింది. రెండవ మిషను సంగతి, షెడ్డు సంగతి ఈద్ సెలవుకు ఆయన వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుంటామన్నది. వచ్చే ఏడాది కుటుంబంతో ఉండే పోస్టింగు రావచ్చునట. అప్పుడు ఆ పత్రంలోని చిరునామా ఎట్లా మార్చాలో ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చి వచ్చాము.